వీలునామాల ప్రాక్టీసు: డిప్లొమా ముందా, కోర్టు ముందా?

ప్రశ్న: మాది కాకినాడ. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ పూర్తిచేసి ఏఐబీఈ (న్యాయవాదుల అర్హత పరీక్ష) పాసయ్యాను. ఏడాదిగా ఒక సివిల్ సీనియర్ గారి దగ్గర జూనియర్‌గా ఉన్నాను. వీలునామాలు, ట్రస్టులు, వారసత్వ ఆస్తుల పనిలో స్థిరపడాలని ఉంది. స్టెప్ అనే విదేశీ సంస్థ డిప్లొమా చేద్దామంటే ఇంట్లో అప్పు చేయాలి. అది చేస్తే ఇక్కడ పని దొరుకుతుందా? లేదంటే ఏం నేర్చుకోవాలి?

జవాబు: ఇప్పుడైతే అప్పు చేయకండి. స్టెప్ 1991లో బ్రిటన్‌లో మొదలైన మంచి సంస్థే. దాని పూర్తి సభ్యులు పేరు పక్కన టీఈపీ (ట్రస్ట్ అండ్ ఎస్టేట్ ప్రాక్టీషనర్) అని రాసుకుంటారు. లండన్, సింగపూర్, దుబాయ్‌లలో సంపన్న కుటుంబాల ఆస్తులు చూసేవారికి ఆ మూడక్షరాలు పనికొస్తాయి. అయితే అక్కడి పనిలో పెద్ద భాగం వారసత్వ పన్ను చుట్టూ తిరుగుతుంది. మన దేశంలో అలాంటి పన్నైన ఎస్టేట్ డ్యూటీని 1985లోనే ఎత్తేశారు. కాకినాడలో మీ గుమ్మం ఎక్కే క్లయింటు పన్ను గురించి అడగడు. నాన్న రాసిన కాగితం చెల్లుతుందా, చెల్లెలికి వాటా ఇవ్వాలా అని అడుగుతాడు.

ఈ పనిని వెనక నుంచి ముందుకు నేర్చుకోవాలి. వీలునామా బలం తేలేది రాసిన మనిషి పోయాకే, సాక్షి బోనెక్కిన రోజునే. మన రెండు రాష్ట్రాల్లో హిందువుల వీలునామాకు ప్రొబేట్ (వీలునామా నిజమని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ) తప్పనిసరి కాదు. కాబట్టి దాని రుజువు చాలాసార్లు పార్టిషన్ (పంపకం) దావాలోనో, డిక్లరేషన్ (హక్కు ప్రకటన) దావాలోనో జరుగుతుంది. మీ సీనియర్ గారి బీరువాలో తీర్పు వచ్చేసిన అలాంటి ఫైళ్లు ఓ పది అడిగి తీసుకోండి. ఒక్కోదానికి ఒక పేజీ కేటాయించి వీలునామా తేదీ, మరణం తేదీ, రాసిననాటి వయసు, ఆరోగ్యం, సాక్షులు ఎవరికి ఏమవుతారు, లబ్ధిదారు ఆ రోజు అక్కడున్నాడా, ఎవరిని వదిలేశారు, క్రాస్‌లో (ఎదుటి లాయరు ప్రశ్నించేటప్పుడు) సాక్షి ఎక్కడ తడబడ్డాడు అన్నవి రాసుకోండి. పది పూర్తయ్యేసరికి వీలునామాలు ఎక్కడ ఓడిపోతాయో మీకే కనబడుతుంది.

భారత వారసత్వ చట్టం, 1925లోని సెక్షన్ 63 కంఠతా రావాలి. కనీసం ఇద్దరు సాక్షులుండాలి. రాసిన వ్యక్తి సంతకం చేయడాన్ని ఒక్కొక్కరూ చూసి ఉండాలి, లేదా ఆ సంతకం తనదేనని ఆయన చెప్పగా విని ఉండాలి. ఇద్దరూ ఆయన ఎదుటే సంతకం చేయాలి. ఇద్దరూ ఒకేసారి ఉండాలన్న నియమం మాత్రం లేదు. కోర్టులో కనీసం ఒక సాక్షినైనా విచారించాలన్నది పాత సాక్ష్య చట్టంలో సెక్షన్ 68. 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియంలో అది 67. ఒక్క సాక్షినే పిలిచినా, రెండో సాక్షి కూడా రాసిన వ్యక్తి ఎదుట సంతకం చేశాడని ఆ ఒక్కడి నోటి నుంచే రావాలి. సుప్రీంకోర్టు 2002లో జానకీ నారాయణ్ భోయిర్ కేసులో చెప్పింది ఇదే. చీఫ్ అఫిడవిట్‌లో (సాక్షి ప్రమాణం చేసి ఇచ్చే రాతపూర్వక వాంగ్మూలంలో) ఆ ఒక్క వాక్యం మరిచిపోవడం వల్ల నిజమైన వీలునామా కూడా ఓడిపోవచ్చు. దస్తావేజు లేఖరి సంతకాన్నో, సబ్ రిజిస్ట్రార్ సంతకాన్నో సాక్షి సంతకంగా లెక్కేయడం ఇంకో పొరపాటు. సాక్ష్యం చెప్పే ఉద్దేశంతో చేసిన సంతకమే అటెస్టేషన్ అవుతుంది. అనుమానాస్పద పరిస్థితుల మీద 1958 నాటి వెంకటాచల అయ్యంగార్ తీర్పును పూర్తిగా చదవండి. హెడ్‌నోట్‌తో (తీర్పు పైన ఇచ్చే సారాంశంతో) సరిపెట్టుకోకండి.

దీని తర్వాత వచ్చే ప్రశ్న అసలు ఆస్తి ఎవరిదని. ఇక్కడే తెలుగు రాష్ట్రాల జూనియర్లకు ప్రత్యేకమైన చదువు ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచే ఆడపిల్లలకు పిత్రార్జితంలో జన్మహక్కు ఇచ్చింది, అప్పటికి పెళ్లయినవారికి తప్ప. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర సవరణ ఆ తేడా తీసేసింది. ఆ రోజుకు తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని 2020లో వినీతా శర్మ తీర్పు తేల్చింది. అందుకే ‘నా స్వార్జితం’ అని క్లయింటు చెప్పగానే అలాగే రాసేయకండి, లింకు డాక్యుమెంట్లు (ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు) తెప్పించండి. కొన్నదా, పంపకంలో వచ్చిందా, తండ్రి పోయాక వచ్చిందా అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. ఉమ్మడి ఆస్తిలో తన వాటాను ఆయన వీలునామాలో రాయవచ్చు, మొత్తం ఆస్తిని రాయలేడు.

మతం సంగతి మొదటి పది నిమిషాల్లోనే తేలాలి. ముస్లిం క్లయింటు అంత్యక్రియల ఖర్చులు, అప్పులు పోగా మిగిలిన దాంట్లో మూడో వంతుకు మించి రాస్తే మిగతా వారసుల సమ్మతి కావాలి. క్రైస్తవులకు 1925 చట్టం నేరుగా వర్తిస్తుంది. హిందువులకు అందులో కొన్ని సెక్షన్లే వర్తిస్తాయి, ఆ జాబితా మూడో షెడ్యూల్‌లో ఉంది. ఉదాహరణకు సాక్షికి రాసిన ఆస్తి చెల్లదనే సెక్షన్ 67 ఆ జాబితాలో లేదు. అలాగని లబ్ధిదారును సాక్షిగా పెట్టకండి, క్రాస్‌లో మీకే తలనొప్పి.

డ్రాఫ్టింగ్‌కు మోడల్ ఫారాల పుస్తకం మీద ఆధారపడొద్దు. ‘నా తదనంతరం’ అన్న మాట స్పష్టంగా ఉండాలి. పైన వీలునామా అని పెట్టి లోపల ‘నేటి నుండి సర్వహక్కులు’ అని రాస్తే కోర్టు చూసేది లోపలి మాటల్నే, అప్పుడది సెటిల్‌మెంట్ (బతికుండగానే హక్కు ఇచ్చేసే దస్తావేజు) అయి కూర్చుంటుంది. సెటిల్‌మెంట్ రాసిచ్చాక తండ్రి తనంతట తాను రద్దు చేసుకోలేడు, వీలునామాను ఎప్పుడైనా మార్చుకోగలడు. ఈ తేడాను వృద్ధ క్లయింటుకు ఇంట్లోవాళ్లు లేనప్పుడు వివరించడం కూడా మీ పనే. సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు ఉండాలి. కొడుకు ముందే పోతే ఎవరికన్నది ఉండాలి. చెప్పని మిగతా ఆస్తి ఎవరికన్నదీ ఉండాలి. ఎక్కువమంది వదిలేసేది ఈ చివరిదే. ఆధార్ ఈ-సైన్ వీలునామాకు పనికిరాదు, ఐటీ చట్టం వీలునామాలను ఎలక్ట్రానిక్ సంతకాల పరిధి నుంచి తప్పించింది.

నెలకు రెండు పూటలు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో గడపండి. వీలునామాకు స్టాంపు డ్యూటీ లేదు, రిజిస్ట్రేషన్ ఐచ్ఛికం. రిజిస్టరైనా వీలునామాల విడి పుస్తకమైన బుక్ 3లో ఉంటుంది కాబట్టి ఈసీలో (ఆస్తి లావాదేవీలు చూపే ధ్రువపత్రంలో) కనబడదు. రాసినాయన బతికుండగా నకలు ఆయనకో, ఆయన ఏజెంటుకో తప్ప ఇతరులకు ఇవ్వరు. సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాచుకునే వీలు కూడా ఉంది, ఇది తెలిసినవాళ్లు తక్కువే.

డబ్బు సంగతి. వీలునామా రాసిస్తే వచ్చే ఫీజుతో ఆఫీసు నడవదు. నడిపేది మరణం తర్వాతి పని, అంటే సక్సెషన్ ఓపీలు (వారసత్వ సర్టిఫికెట్ పిటిషన్లు), లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ (ఆస్తి నిర్వహణకు కోర్టు ఇచ్చే అధికార పత్రాలు), పార్టిషన్ దావాలు, మ్యుటేషన్లు (రికార్డుల్లో పేరు మార్పిడి). సక్సెషన్ సర్టిఫికెట్ డిపాజిట్లు, బాకీలు, షేర్లలాంటి వాటికే. ఇల్లూ పొలమూ దాంతో రావు. పిటిషన్ వేసేముందు ప్రతి బ్యాంకు నుంచీ ఖాతాల వివరాలు తెప్పించండి. ఒక్క ఎఫ్‌డీ మరిచినా పొడిగింపు కోసం మళ్లీ కోర్టుకెళ్లాలి. దగ్గరి బంధువుల జాబితాలో ఒక కూతురి పేరు దాస్తే సర్టిఫికెట్టే రద్దు కావచ్చు. తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ ఆస్తి హక్కును తేల్చదు. నామినీ కూడా అంతే. కంపెనీ షేర్లకు నామినీ యజమాని కాడని సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో శక్తి యజ్దానీ కేసులో మళ్లీ చెప్పింది.

ట్రస్టు పని మీ ఊళ్లో తక్కువగా వస్తుంది, వచ్చినచోట నిజంగా అవసరమై వస్తుంది. మానసిక ఎదుగుదల లోపం ఉన్న బిడ్డ తల్లిదండ్రులు, తమ తర్వాత ఎవరు చూస్తారని వస్తారు. స్థిరాస్తి పెడితే 1882 ట్రస్టుల చట్టం ప్రకారం రిజిస్టర్డ్ దస్తావేజైనా కావాలి, వీలునామా ద్వారానైనా పెట్టాలి. ట్రస్టీ పోతే తర్వాతివారు ఎవరో రాయాలి. లబ్ధిదారుల వాటాలు తేల్చకపోతే గరిష్ఠ రేటు పన్ను పడే ప్రమాదం ఉంది, మినహాయింపులను చార్టర్డ్ అకౌంటెంట్‌తో కూర్చుని చూడండి. గార్డియన్ నియామకం విడి పని, నేషనల్ ట్రస్ట్ చట్టం, 1999 కింద జిల్లా స్థాయి లోకల్ కమిటీకి దరఖాస్తు చేయాలి.

అమెరికాలో స్థిరపడినవాళ్ల పని కోస్తాలో ఎప్పుడూ ఉంటుంది. అక్కడి ఆస్తికి మీరు వీలునామా రాయకండి, ఇక్కడి ఆస్తికే రాయండి. ‘గతంలో రాసిన వీలునామాలన్నీ రద్దు’ అన్న మామూలు వాక్యం అక్కడి వీలునామాను కూడా కొట్టేస్తుంది, అందుకని ‘భారతదేశంలోని ఆస్తులకు సంబంధించినవి’ అని పరిమితం చేయాలి. విదేశంలో రాసిన పవర్ ఆఫ్ అటార్నీ ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. ఇచ్చినాయన పోయిన రోజే అది కూడా పోతుంది.

డిప్లొమా మాటకొస్తే, రెండు మూడేళ్లు ఇలా పనిచేశాక, ప్రవాసుల ఫైళ్లు వరసగా వస్తుంటేనో, ముంబయిలోనో దుబాయ్‌లోనో ట్రస్టీ కంపెనీలో చేరాలనిపిస్తేనో మళ్లీ ఆలోచించండి. అప్పటికి ఫీజు మీ సంపాదనలోంచే కట్టగలగాలి. కంపెనీలో పూర్తికాలపు ఉద్యోగంలో చేరితే బార్ కౌన్సిల్ నిబంధన 49 ప్రకారం ప్రాక్టీసు ఆపాలి. ఆ సంగతి బార్ కౌన్సిల్‌కు తెలపకుండా కోర్టుకు వెళ్తే క్రమశిక్షణ చర్య మీ మీదే.