సోలార్ సబ్సిడీ కోసం బంగారం తాకట్టు పెట్టవద్దు

ప్రశ్న: తెనాలి దగ్గర పల్లెలో కుట్టుపని చేస్తాను. మాది బీసీ కుటుంబం, సొంత డాబా ఉంది. ఇంటి ఆదాయం నెలకు ₹22,000, ఖర్చు ₹17,000, కరెంటు బిల్లు ₹700 దాకా. పోస్టాఫీసులో ₹15,000 ఉంది. 3 కిలోవాట్ల సోలార్‌కు ₹1.8 లక్షలు అవుతుందని, ₹78,000 సబ్సిడీగా తిరిగి వస్తుందని ఏజెంటు అంటున్నారు. బంగారం తాకట్టు పెట్టి రెండు రూపాయల వడ్డీకి తీసుకోవచ్చా?

జవాబు: వద్దమ్మా. ₹1.8 లక్షలకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు ₹3,600. సబ్సిడీ మొత్తాన్ని అసలుకు జమ చేసినా ఇంకా నెలకు ₹2,040 వడ్డీయే కట్టాలి. ₹700 బిల్లు తప్పించుకోవడానికి ఇది ఏ లెక్కన లాభమో ఆ ఏజెంటునే అడగండి.

ఇంటి పైకప్పు మీద సోలార్‌కు కేంద్రం సాయం చేసే సూర్యఘర్ పథకంలో సబ్సిడీ ముందుగా రాదు. పలకలు బిగించి, నెట్ మీటరు (మీరు తీసుకున్న కరెంటును, లైనుకు తిరిగి పంపిన కరెంటును లెక్కించేది) పెట్టి, తనిఖీ పూర్తయిన తరువాతే ఖాతాలో పడుతుంది. చేతిలో డబ్బున్నవారికి ఈ ఆలస్యం పెద్ద విషయం కాదు గానీ, లేనివారు మాత్రం ఆ సందులోనే వడ్డీ వ్యాపారి చేతికి చిక్కుతున్నారు. అద్దె ఇళ్లలో ఉండేవారికైతే పైకప్పే తమది కాదు కనుక ఆ అవకాశమూ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు 2 కిలోవాట్లు ఉచితంగా, బీసీలకు అదనంగా ₹20,000 ఇస్తామన్న నిర్ణయం ఈ అసమానతను కొంత సరిదిద్దేదే అయినా, ఆ మాట మీ ఏజెంటు మీకు చెప్పినట్టు లేదు.

మీ వాడకానికి 2 కిలోవాట్లు చాలు. కేంద్రం ఇచ్చే ₹60,000, రాష్ట్రం ఇచ్చే ₹20,000 కలిస్తే దాదాపు ₹1.2 లక్షల ఖర్చులో మీ వాటా ₹40,000 దగ్గర ఆగుతుంది. దానికి ప్రభుత్వ బ్యాంకులు ఈ పథకం కింద తాకట్టు లేకుండా, తక్కువ వడ్డీకి అప్పిస్తాయి.

అయితే అదీ ఇప్పుడే కాదు. ఆషాఢంలో, మూఢంలో పెళ్లిళ్లు ఆగితే మీ కుట్టుపనీ తగ్గుతుంది. ఆ నెలల్లో మీకున్న ₹15,000 ఒక్క నెల ఖర్చుకైనా చాలదు. కనీసం మూడు నెలల ఖర్చు, అంటే ₹51,000 అత్యవసర నిధిగా చేరేవరకు నెలకు ₹4,000 చొప్పున రికరింగ్ డిపాజిట్ కట్టండి, దాదాపు తొమ్మిది నెలల్లో పూర్తవుతుంది. ఈలోగా విద్యుత్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) కార్యాలయానికి వెళ్లి బీసీ రాయితీకి మీ అర్హతను, మీ సర్వీసు నంబరు మీ పేరు మీదే ఉందో లేదో తేల్చుకోండి. ఏజెంటుకు అడ్వాన్సు మాత్రం ఇవ్వవద్దు.