పాత జార్జియన్ ఇంటిని పరిశీలించబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

ఐర్లండ్‌లో రోస్‌కామన్ కౌంటీలో జార్జియన్ ఇంటి (జార్జి రాజుల కాలం నాటి ఇంటి) స్థితి నివేదిక నీకు అప్పగించారని, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో చెప్పమని అడిగావు. కప్పు మీంచి. ముందు గుమ్మం పైన విసనకర్రలా ఉండే గాజు కిటికీనీ (ఫ్యాన్‌లైట్) హాల్లో గచ్చు పూలనీ ఫొటోలు తీస్తూ పొద్దుపుచ్చకు. కప్పు కారితే తప్ప అవి ఎక్కడికీ పోవు. వాన చినుకు పడ్డ చోటు నుంచి నేలలో ఇంకేదాకా నీటి వెంటే నడువు. నివేదిక వరస కూడా అదే పెట్టు.

జార్జియన్ అనగానే కాసిల్‌టౌన్, రస్‌బరో లాంటి మహాసౌధాలు మనసులోకొస్తాయి. నీకు తగిలేది చాలావరకు మధ్యతరహా భూస్వామి ఇల్లు: రెండంతస్తులు, సగం నేలలోకి దిగిన బేస్‌మెంట్, ముందువైపు మూడో అయిదో కిటికీల వరస, మధ్యలో రాతిమెట్లు, వెనక మెట్ల మలుపులో పొడవాటి ఆర్చి కిటికీ. ఏదైనా కిటికీ మూసి ఉంటే పన్ను తప్పించుకోవడానికి మూశారని ఊళ్లో చెబుతారు. వెంటనే రాసుకోకు. లోపలివైపు చెక్క షట్టర్లు మడిచి పెట్టే గూడు ఉందో లేదో చూడు. లేకపోతే అది రెండు పక్కలూ సరితూగాలని మొదట్నుంచీ కట్టిన బొమ్మ కిటికీయే కావచ్చు.

ఇక కప్పు. ఈ ఇళ్లకు తరచు రెండు కప్పులు పక్కపక్కనే ఉంటాయి, మధ్యలో సీసం రేకు పరిచిన నీటి కాలువ (వ్యాలీ గట్టర్). ముందువైపు పిట్టగోడ వెనక ఇంకో గట్టర్ దాక్కుని ఉంటుంది. ఐర్లండ్ తూర్పు భాగంలో ఏడాదికి 750 నుంచి 1000 మిల్లీమీటర్ల వాన పడితే, పడమట 1000 నుంచి 1400 దాకా పడుతుంది. అదంతా చారెడు వెడల్పున్న రంధ్రం గుండా పోవాలి. ఆకులో, జాక్‌డా కాకులు తెచ్చిన పుల్లలో అడ్డుపడితే నీళ్లు నిలిచి, సీసం అంచు దాటి లోపలికి దిగుతాయి. సీసంలో అడ్డంగా చీలిక కనిపిస్తే ఒక్కో ముక్క పొడవు కొలువు. రేకు కోడ్ 7 అనే మందపాటి రకమైనా సరే, ముక్క రెండున్నర మీటర్లు దాటితే ఎండకు సాగి చలికి ముడుచుకుని చీలుతుంది. అతుకు వేస్తే మళ్లీ చీలుతుంది. ముక్కల్ని చిన్నవి చేసి మధ్యలో మెట్టు ఇవ్వడమే మందు.

పట్టపగలు అటకెక్కి, లైటు ఆర్పి, పైకి చూడు. వెలుతురు చుక్కలు కనిపించిన చోటల్లా గుర్తు పెట్టుకో. కప్పు మీది స్లేట్లు (రాతి పలకలు) జారితే చాలాసార్లు తప్పు స్లేటుది కాదు, తుప్పు పట్టిన మేకుది. ఆ స్లేట్లను దించి మళ్లీ వాడొచ్చు. స్లేట్ల అడుగున నురుగు కొట్టించుకుంటే వెచ్చగా ఉంటుందని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకు. వాసాల తడి ఆరే దారి మూసుకుపోతుంది, స్లేట్లు కూడా తిరిగి పనికిరావు.

గట్టర్ కింద గోడలో కూర్చున్న దూలాల కొసల్ని సూదిమొన పనిముట్టుతో పొడిచి చూడు, ఎక్కువ నష్టం జరిగేది అక్కడే. తేమ మీటరు 20 శాతం దాటిందంటే అనుమానించాల్సిందే. పుట్టగొడుగుల వాసన, ఇటుక రంగు పొడి, చెక్క ఘనాల్లా పగలడం, ఈ మూడూ కలిస్తే అది డ్రై రాట్ అనే శిలీంధ్రపు కుళ్లు. ఆ శిలీంధ్రం రాతిగోడ గుండా కూడా పాకుతుంది కాబట్టి పక్క గది కూడా తెరిచి చూడాలి. కిటికీ పైన బయట రాయి కనిపించినా లోపల చెక్క లింటెల్ (అడ్డదూలం) ఉంటుంది. దాన్ని మరిచిపోతారు.

గోడలు సున్నంతో కట్టిన బండరాళ్లవి, రెండు ముఖాల మధ్య ముక్కరాళ్లు పోసినవి. మందం సాధారణంగా అరవై సెంటీమీటర్లకు తగ్గదు. పైన సిమెంటు పూత ఉంటే దాని సన్నని పగుళ్లలోంచి నీళ్లు లోపలికి పోతాయి గానీ బయటికి రాలేవు. తట్టి చూడు, బోలుగా మోగే చోటు విడిపోయినట్టే. గట్టిగా పట్టుకున్న చోట మాత్రం మొండిగా పెకలించకు, రాతి ముఖం కూడా ఊడివస్తుంది. మొదట ఒక మూల మీద చిన్న ముక్క తీసి చూడాలి. కొత్త పూతకు సున్నం ఒక పాలు, గరుకు ఇసుక మూడు పాళ్లు. మూడు పూతలు, ఒక్కోటి సెంటీమీటరుకు మించకుండా. చలి 5 డిగ్రీల కన్నా దిగితే పని ఆపాలి, తడి గోనె కప్పి మెల్లగా ఆరనివ్వాలి. అందుకే ఆ పని ఏప్రిల్ నుంచి సెప్టెంబరు లోపు పెట్టుకోమని రాయి. (మన గానుగ సున్నంలో బెల్లం, కరక్కాయ కలుపుతారని అక్కడ ఉత్సాహపడకు. ఆ చలికీ తడికీ అక్కడి మేస్త్రీలకు తెలిసిన పాళ్లే పాటించు.)

కిటికీలు మార్చాలని ఎవరన్నా ఒప్పుకోవద్దు. సాధారణంగా కుళ్లేది సాష్ (పైకీ కిందికీ జరిగే చట్రం) కింది పట్టీ, కిటికీ గడపా అంతే. ఆ ముక్క కోసి కొత్త చెక్క అతికితే చాలు. అలలు తేలిన పాత గాజు ఒక్కటీ పారేయనివ్వకు. తాడు తెగి సాష్ కదలకపోతే, దానికి సరితూగాలని తాడుకు కట్టిన బరువులు కూడా తూచు. పై సాష్‌కు బరువు దానికన్నా కాస్త ఎక్కువ, కింది దానికి కాస్త తక్కువ ఉండాలి. లేకపోతే పైది దిగుతుంది, కిందిది లేస్తుంది. పాత రంగులో సీసం ఉంటుంది కాబట్టి పొడిగా గీకడం, మంటతో కాల్చడం రెండూ నిషేధం.

బేస్‌మెంట్‌లో తడి ఉంటే ముందు బయట నేల చూడు. ఏళ్ల తరబడి కంకర పోసి పోసి నేల మట్టం పెరిగి ఉంటుంది. ఆ పోసినది తీసి మట్టం కిందికి దించితే చాలావరకు తడి తగ్గుతుంది. గోడకు రసాయనాలు ఎక్కించడం ఆ తర్వాత ఆలోచించుకోవచ్చు.

కాగితాల సంగతి. నేషనల్ ఇన్వెంటరీలో (పాత కట్టడాల జాతీయ పట్టికలో) పేరున్నంత మాత్రాన ఇంటికి చట్టరక్షణ లేదు, కౌంటీ వారి రక్షిత నిర్మాణాల జాబితాలో ఉండాలి. ఉంటే లోపలి భాగాలూ, ఇంటి ఆవరణా కూడా వస్తాయి. ఏ పనికి అనుమతి అక్కర్లేదో తెలుసుకోవడానికి కౌంటీ వారిని రాతపూర్వక ప్రకటన అడగొచ్చు. అటకలో గబ్బిలాలు కనిపిస్తే వాటిని కదిలించకు, ముందు నేషనల్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ వారిని సంప్రదించు. లైసెన్సు లేకుండా ఆ కప్పు మీద చెయ్యి వేయకూడదు.

ఇట్లు,
పెదనాన్న