పాత ఆఫీసు భవనాన్ని ఆసుపత్రి చేయాలంటే ముందు ఫాల్స్ సీలింగ్ విప్పి చూడండి

నాలుగంతస్తుల పాత ఆఫీసు భవనం, కింద మందుల ప్యాకింగ్ యూనిట్, దాని పైన ఇప్పటికే నడుస్తున్న ఓపీ, ఆపైన ఓటీ (ఆపరేషన్ థియేటర్), చివరి అంతస్తులో వార్డులు అని రాశారు. స్లాబు బరువు మోస్తుందని ఇంజనీరు చెప్పారు కాబట్టి ఇక ఇంటీరియర్ పని మొదలుపెట్టొచ్చా అన్నది మీ ప్రశ్న.

ఇప్పుడే మొదలుపెట్టకండి. ఓటీకి చదరపు మీటరుకు సుమారు 3 కిలోన్యూటన్ల (దాదాపు 300 కిలోల) భారం లెక్కేస్తారు. ఆఫీసు స్లాబు చాలావరకు దానికి దగ్గర్లోనే ఉంటుంది. ఎమ్మారై, రికార్డుల గది లాంటివి పెడితే తప్ప బరువు దగ్గర పని ఆగదు. ఆగేది ఎత్తు దగ్గర.

ప్రతి అంతస్తులో నాలుగైదు చోట్ల సీలింగ్ పలకలు తీయించి టేపుతో కొలవండి. పాత డ్రాయింగులను నమ్మొద్దు. కట్టేటప్పుడు మారిన బీములు, తర్వాత తగిలించిన పైపులు వాటిలో ఉండవు. ఆ డ్రాయింగులమీదే టెండర్లు పిలిచేస్తుంటారు, నాకు మండేది అక్కడే.

స్లాబు పైనుంచి స్లాబు పైకి 3.3 మీటర్లు ఉందనుకుందాం. బీము లోతు స్లాబుతో కలిపి 600 మి.మీ. అయితే బీము కింద మిగిలేది 2.7 మీటర్లు. ఇప్పుడు 6×6 మీటర్ల ఓటీ తీసుకోండి. సీలింగ్ 3 మీటర్లుంటే గది 108 ఘనపు మీటర్లు. గంటకు 20 సార్లు గాలి మారాలంటే 2,160 ఘనపు మీటర్ల గాలి పంపాలి. చప్పుడు రాకుండా సెకనుకు 5 మీటర్ల వేగంతో పంపాలంటే 400×300 మి.మీ. డక్ట్ (గాలి గొట్టం) కావాలి, ఇన్సులేషన్‌తో అది 450×350 అవుతుంది. బీము కింద ఆ డక్ట్ దాటి, దాని కింద సీలింగ్ ఫ్రేము, లైట్లు కూడా వేస్తే మీకు మిగిలేది 2.2 మీటర్లు. సర్జికల్ లైట్ ఎక్కడ వేలాడదీస్తారు? డక్ట్‌ను 600×200కి అణిస్తే ఎత్తులో ఇంకో 100 మి.మీ. కలిసొస్తుంది, అంతే. దారి కోసం బీముకు కన్నం పెడదామని ఎవరైనా అంటే అక్కడే ఆపేయండి.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. పైన వార్డులు, ప్రతి గదికీ అటాచ్డ్ టాయిలెట్. ఆ డ్రెయిన్ పైపులు వార్డు స్లాబు కింద, అంటే మీ ఓటీ సీలింగ్‌లో పరుగెడతాయి. 110 మి.మీ. పైపుకు 50కి 1 వాలు ఇస్తే 6 మీటర్ల దూరానికే 120 మి.మీ. కిందికి దిగుతుంది. ఎత్తు ఎలాగూ లేదు, పైగా ఒక జాయింటు కారిందంటే మురుగు ఆపరేషన్ టేబుల్ మీదికే చేరుతుంది.

అందుకే నా సలహా, ఓటీని, వార్డులను తారుమారు చేయండి. ఓటీ చివరి అంతస్తులో ఉంటే ఏహెచ్‌యూను (గాలిని వడగట్టి, చల్లబరిచి పంపే యంత్రం) టెర్రస్ మీద పెట్టి డక్ట్‌ను నేరుగా కిందికి దించొచ్చు, అడ్డంగా పరుగు ఉండదు. ఓటీ గోడలు బీము గీతల కిందికే వచ్చేలా గీయండి. అప్పుడు లోపల స్లాబు కింద 3.15 మీటర్లు దొరుకుతుంది, సీలింగ్ 2.8కి వస్తుంది. 3 మీటర్లు ఉంటే హాయి, 2.8తో నెట్టుకురావచ్చు. టెర్రస్ కన్నం చుట్టూ కనీసం 150 మి.మీ. కట్ట కట్టి వాటర్‌ప్రూఫింగ్‌ను దాని పైదాకా ఎక్కించాలి. ఏహెచ్‌యూను స్లాబు మధ్యలో కాకుండా స్తంభాల దగ్గర, స్ప్రింగుల మీద కూర్చోబెట్టండి. ఆఫీసులో సెకనుకు 400 మైక్రోమీటర్ల కంపనం ఎవరికీ తెలియదు, ఓటీలో 100 దాటకూడదు.

లిఫ్ట్ సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. మంచం పట్టాలంటే లిఫ్ట్ లోపలి లోతు 2.4 మీటర్లు ఉండాలి. ఆఫీసు లిఫ్టులో స్ట్రెచర్ కూడా పట్టదు. బయటి గోడకు ఆనించి కొత్త షాఫ్ట్ కట్టడమే మేలు, దానికి జనరేటర్ కనెక్షన్ తప్పనిసరి.

గోడల దగ్గర ఒకటి చూసుకోండి. ఆఫీసు పార్టిషన్లు ఫాల్స్ సీలింగ్ దగ్గరే ఆగిపోతాయి. ఓటీలో గాలి ఒత్తిడి పక్క గదులకన్నా కనీసం 2.5 పాస్కల్స్ ఎక్కువ ఉండాలి. గోడ స్లాబుదాకా వెళ్లకపోతే ఏహెచ్‌యూ ఎంత పెద్దదైనా ఆ ఒత్తిడి నిలవదు. పైపులు, కేబుళ్లు దూరిన చోటల్లా ఫైర్ సీలెంట్ నింపాలి. గాలితో పాటు పొగను కూడా ఆపేది అదే.

కోర్ కటింగ్‌కు (పైపుల కోసం స్లాబులో గుండ్రటి కన్నాలు కోయడానికి) ముందు స్లాబును స్కాన్ చేయించండి. అది పోస్ట్ టెన్షన్ స్లాబు (లోపలి ఉక్కు కేబుళ్లను గట్టిగా లాగి బిగించినది) అయితే ఒక్క కేబుల్ తెగినా ప్రమాదం, మనిషి ప్రాణం పోవచ్చు. పాత పైపులకు చుట్టిన పొరలో, సీలింగ్ బోర్డుల్లో, వినైల్ టైల్స్‌లో ఆస్‌బెస్టాస్ ఉందేమో పగలగొట్టక ముందే పరీక్ష చేయించాలి.

ఓపీ నడుస్తుండగా పైన పగలగొడతామన్నారు, నాకు అన్నిటికన్నా భయం అక్కడే. పాత సీలింగ్ దుమ్ములో ఆస్పర్‌జిల్లస్ బూజు బీజాలుంటాయి. 2-3 మైక్రాన్ల సైజువి, గంటల తరబడి గాలిలో తేలుతాయి, రోగనిరోధక శక్తి తగ్గినవారి ఊపిరితిత్తుల్లో ప్రాణాంతక ఇన్ఫెక్షన్ తెస్తాయి. సీలింగ్ ఫ్రేముకు పిన్నులు కొట్టి వేలాడదీసిన ప్లాస్టిక్ కర్టెన్ దాన్ని ఆపదు. అడ్డు గోడ స్లాబునుంచి స్లాబుదాకా ఉండాలి, అంచులన్నీ టేపు వేయాలి. మెట్లు, షాఫ్టులు, ఏసీ రిటర్న్ గ్రిల్స్ మూసేయాలి. పని జరిగే చోటునుంచి హెపా ఫిల్టర్ (అతి సన్నని దుమ్మును కూడా పట్టే ఫిల్టర్) ఉన్న ఫ్యాన్‌తో గాలిని బయటికి లాగుతూ రాత్రింబవళ్లు నెగటివ్ ప్రెషర్ ఉంచాలి, మీటరు పెట్టి రోజూ రాసుకోవాలి. శిథిలాలు మూత ఉన్న బండ్లలోనే దిగాలి, అదీ రోగులు వాడే లిఫ్టులో కాదు.

ఆక్సిజన్ లైనుకు గ్రీజు తీసిన రాగి పైపులే వాడాలి. బ్రేజింగ్ (పైపులను వేడిచేసి అతికించడం) చేసేటప్పుడు లోపల నైట్రోజన్ పారుతూ ఉండాలి, లేకపోతే లోపలి గోడమీద నల్లటి పొర కట్టి తర్వాత రాలుతుంది, వాల్వుల్లో ఇరుక్కుంటుంది. నైట్రోజన్ సిలిండర్ పక్కన లేకుండా బ్రేజింగ్ చేస్తుంటే పని ఆపించండి. ప్రెషర్ టెస్టు, ఏ అవుట్‌లెట్‌లో ఏ గ్యాస్ వస్తోందన్న పరీక్ష రెండూ అయ్యాకే సీలింగ్ మూయాలి. తొందరపడి ముందే మూసేయడం ఈ రంగంలో మామూలైపోయింది.

తీసేసిన పాత వాష్‌బేసిన్ల పైపు ముక్కలను మెయిన్ లైను దగ్గరికంటా కోసేయండి. నీళ్లు కదలని ముక్కల్లో 20-45 డిగ్రీల మధ్య లెజియోనెల్లా అనే న్యుమోనియా తెచ్చే బ్యాక్టీరియా పెరుగుతుంది. వేడినీటి ట్యాంకు 60 డిగ్రీల్లో ఉండాలి.

ప్యాకింగ్ యూనిట్‌ను నేలమీదే ఉంచడం మంచి నిర్ణయం. తేలికపాటి పరిశ్రమకు చదరపు మీటరుకు 5-6 కిలోన్యూటన్లు కావాలి, పై స్లాబులు దానికి పనికిరావు. పొడి మందు విప్పి నింపే గది కారిడార్ కన్నా తక్కువ ఒత్తిడిలో ఉండాలి, దాని ఏహెచ్‌యూ, దారి, లిఫ్ట్ అన్నీ ఆసుపత్రికి వేరుగా ఉండాలి.

కొలిచాక చివరి అంతస్తులో బీము కింద 2.4 మీటర్లకన్నా తక్కువ వస్తే ఈ భవనంలో ఓటీ ఆలోచన వదిలేయండి. ఓపీ, ల్యాబ్, ఫిజియోథెరపీ, డే కేర్‌కు అది చక్కగా సరిపోతుంది.