గ్రౌండ్ కోచింగ్ డిగ్రీ అయ్యాక చూసుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఎస్సై కావాలని ఆశ. ఐఐటీ ఫౌండేషన్ క్లాసుల కోసం స్కూల్లో వారానికి ఉన్న రెండు గేమ్స్ పీరియడ్లూ తీసేశారు. డిగ్రీ అయ్యాక గ్రౌండ్ కోచింగ్‌లో చేర్పిస్తే సరిపోదా? – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ఈవెంట్స్, అంటే పోలీసు ఉద్యోగాల ఎంపికలో పెట్టే దేహదారుఢ్య పరీక్షలు, గట్టెక్కడానికి సరిపోవచ్చమ్మా. తెలంగాణలో 2022 నోటిఫికేషన్ ప్రకారం మహిళలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలి, లాంగ్ జంప్ రెండున్నర మీటర్లు దూకాలి, 4 కిలోల షాట్‌పుట్ 4 మీటర్లు వేయాలి. చిన్నప్పటి నుంచి ఆడిన పిల్లకు ఇవి పెద్ద లెక్క కాదు. ఇరవై రెండేళ్లకు తొలిసారి గ్రౌండ్‌లో దిగిన అమ్మాయికి మాత్రం దమ్ము త్వరగానే పెరుగుతుంది గానీ ఎముకలు, కీళ్లు అంత తొందరగా గట్టిపడవు. నోటిఫికేషన్ పడగానే ఒక్కసారిగా పరుగు పెంచి, మోకాలి కింద ముందెముక నొప్పితో కుంటుతూ ఈవెంట్స్‌కు వెళ్లేది ఎక్కువగా ఇలాంటి పిల్లలే. అమ్మాయిల్లో ఎముకల బలం దాదాపు 90 శాతం 18 ఏళ్లకే ఏర్పడిపోతుంది. ఎముకలు గట్టిపడే ఆ వయసే మీ పాపకు ఇప్పుడు నడుస్తోంది.

అలాగని ఆ రెండు పీరియడ్లు తిరిగి వస్తే చాలనీ అనుకోవద్దు. ఈ వయసు పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసే కదలిక కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన స్కూళ్లలో 40 నిమిషాల పీరియడ్ ఎలా సాగుతుందో ఒకసారి చూడండి. మెట్లు దిగి, లైన్లో నిలబడి, హాజరు పూర్తయ్యేసరికి పది నిమిషాలు పోతాయి. క్లాసంతటికీ ఒకటే బంతి. అబ్బాయిలు క్రికెట్ ఆడుకుంటుంటే అమ్మాయిలు గోడ నీడన కబుర్లు చెప్పుకుంటారు. ఆయాసం వచ్చేలా పరుగెత్తింది ఐదు నిమిషాలుంటే ఎక్కువ. అదే పీఈటీ సార్ క్లాసును నాలుగు జట్లు చేసి ఖోఖో ఆడిస్తే అదే పీరియడ్‌లో అందరికీ చెమట పడుతుంది. అందుకే పీరియడ్ అడిగేటప్పుడు ఆడపిల్లల్ని ఏం ఆడిస్తారో కూడా అడగండి. ఒక్కరే కాకుండా నలుగురు తల్లిదండ్రులు కలిసి వెళ్లండి. మీది సీబీఎస్‌ఈ స్కూలైతే 9 నుంచి 12 తరగతులకు రోజూ ఫిజికల్ ఎడ్యుకేషన్ పీరియడ్ ఉండాలని బోర్డే చెప్పింది, మొహమాటపడకండి.

ఈలోగా సాయంత్రం అరగంట స్కిప్పింగ్, మట్టి నేల మీద పరుగు మొదలుపెట్టించండి. త్వరగా ఆయాసపడుతుంటే బద్ధకమని తిట్టకుండా హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తం తక్కువగా ఉన్న పిల్లను ఎంత పరుగెత్తించినా దమ్ము రాదు. మూడు నెలలకోసారి 600 మీటర్ల పరుగుకు టైమ్ చూసి రాసి పెట్టండి. స్కూలు పిల్లలకు కేంద్ర ప్రభుత్వం పెట్టే ఖేలో ఇండియా ఫిట్‌నెస్ పరీక్షలో ఉండేది కూడా ఆ దూరమే.

ఇంకోమాట. పదో తరగతి అయ్యాక ఇంటర్ కాలేజీ చూడ్డానికి వెళ్లినప్పుడు ర్యాంకుల ఫ్లెక్సీతో పాటు గ్రౌండ్ కూడా చూపించమనండి. అపార్ట్‌మెంట్‌లో నడిచే కాలేజీ హాస్టల్లో మాత్రం ఈ పిల్లను వేయకండి.