పొడుగు పిల్లాడికి రియర్ ఫేసింగ్ సీటు: నిలబెట్టి కాదు, కూర్చోబెట్టి కొలవండి

పొడుగు పిల్లాడిని కారు సీటులో ముందుకి తిప్పాలా, వెనక్కి తిరిగే (రియర్ ఫేసింగ్) ఉంచాలా అని అడిగారు కదా. సూటిగా చెప్పాలంటే, ముందుకి తిప్పకండి, సీటు మార్చండి. బాబుకి 20 నెలలు, ఎత్తు 36 అంగుళాలు, బరువు 27 పౌండ్లు అన్నారు. ఉన్న కన్వర్టబుల్ (వెనక్కీ ముందుకీ రెండు వైపులా పెట్టుకోగలిగే) సీటులో తల పై అంచు దాకా వచ్చేసింది, కాళ్ళు మడుచుకుంటున్నాడు, కారు కరోలా, మీ వారు పొడగరి, అత్తగారు ముందుకి తిప్పెయ్యమంటున్నారు. ఇంచుమించు మా ఇంటి కథే. నేను ఆరడుగుల పైన, మా పాపకి నా పోలికే వచ్చింది. మాదీ సెడానే, ఉండేది కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో. అందుకని మాకు పనికొచ్చినవి రాస్తున్నాను.

ముందు అత్తగారి సంగతి తేల్చేద్దాం. మీరూ కాలిఫోర్నియాలోనే ఉన్నామన్నారు కదా. ఇక్కడ 2017 జనవరి 1 నుంచి ఉన్న చట్టం ప్రకారం రెండేళ్ళ లోపు పిల్లలు వెనక్కి తిరిగే కూర్చోవాలి. 40 అంగుళాల ఎత్తు గానీ 40 పౌండ్ల బరువు గానీ ఉంటేనే మినహాయింపు. మీ వాడు ఎంత పొడుగైనా ఆ గీత ఇంకా దాటలేదు. "పోలీసులు టికెట్ ఇస్తారట అత్తయ్యా" అనండి చాలు. పెద్దవాళ్ళ దగ్గర సైన్సు కంటే టికెట్టు త్వరగా పనిచేస్తుంది.

మరి రెండేళ్ళు నిండాక? చట్టం ఊరుకుంటుంది గానీ పిల్లల డాక్టర్లు ఊరుకోరు. ఇక్కడి పిల్లల డాక్టర్ల సంఘం, అదే అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 2018లో తన సలహాలోంచి "రెండేళ్ళ వరకు" అన్న మాటే తీసేసింది. సీటు తయారుచేసినవాళ్ళు పెట్టిన ఎత్తు, బరువు హద్దుల్లో ఏదో ఒకటి దాటేదాకా, వీలైనన్నాళ్ళు, వెనక్కే ఉంచమంది. స్వీడన్‌లో నాలుగేళ్ళ పిల్లలు కూడా ఇలా కూర్చోవడం మామూలే. కారణం కూడా కష్టమైనదేమీ కాదు. ఈ వయసులో ఒంటితో పోలిస్తే తల బరువెక్కువ, మెడ ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడవు. కారు ఎదురుగా దేనికైనా గుద్దుకుంటే, ముందుకి తిరిగి ఉన్న బిడ్డకి భుజాలు పట్టీల్లో ఆగిపోతాయి, తల మాత్రం ముందుకి విసురుగా పోతుంది, భారమంతా మెడ మీద పడుతుంది. వెనక్కి తిరిగి ఉంటే ఆ దెబ్బ సీటు వీపు మొత్తం మీద పరుచుకుంటుంది, తల, మెడ, వెన్ను కలిసే కదులుతాయి.

ఇక కాళ్ళు. మా అమ్మ గుంటూరు నుంచి వచ్చిన మొదటి వారమే, "ఏరా, పిల్ల కాళ్ళు ముడుచుకుని ఎంతసేపని కూర్చుంటుంది, నరాలు పట్టేయవూ?" అని మొదలుపెట్టింది. నేను వాదించలేదు. ఆ సాయంత్రం మా పాప హాల్లో నేల మీద బాసింపట్టు వేసుకుని పప్పన్నం తింటుంటే చూపించాను, కారులోనూ సరిగ్గా అలాగే కూర్చుంటుందని. కొన్నిసార్లు కాళ్ళు కారు సీటు వీపు మీదకి చాపి పెడుతుంది, కొన్నిసార్లు పక్కలకి వేలాడేస్తుంది. మనకి ఇరుకుగా కనిపించేది వాళ్ళకి ఇరుకు కాదు. పైగా ప్రమాదాల్లో కాళ్ళకి గాయాలు ఎక్కువగా అయ్యేది ముందుకి తిరిగి కూర్చున్న పిల్లలకే, విసురుకి కాళ్ళు లేచి ముందు సీటు వీపుకి కొట్టుకుంటాయి కాబట్టి. కాబట్టి కాళ్ళు ఆనుతున్నాయన్నది సీటు చిన్నదైందనడానికి గుర్తు కాదు. మామూలు సీట్ల మాన్యువల్‌లో ఎక్కడా కాళ్ళ గురించి హద్దు ఉండదు, వెతికి చూడండి.

తల మాత్రం గుర్తే. చాలా సీట్లకి నియమం ఒకటే: బిడ్డ నడినెత్తికీ సీటు పై అంచుకీ మధ్య కనీసం 1 అంగుళం ఉండాలి. అట్ట ఉన్న పుస్తకం ఒకటి నెత్తి మీద బల్లపరుపుగా పెట్టి, అది సీటు వీపుకి ఎక్కడ తగులుతుందో అక్కడినుంచి పైకి కొలవండి. కొలిచే ముందు హెడ్‌రెస్ట్ పూర్తిగా పైకి లేపి ఉందో లేదో చూసుకోండి. కొన్ని మోడళ్ళలో ఆ అంగుళాన్ని లేపిన హెడ్‌రెస్ట్ నుంచి లెక్కేస్తారు, కొన్నిటిలో కదలని షెల్ (సీటు గట్టి ప్లాస్టిక్ డొప్ప) అంచు నుంచి. మీ సీటు మొదటి రకం అయి, హెడ్‌రెస్ట్ ఇంకా కిందే ఉంటే, కొత్త సీటు ఖర్చే తప్పిపోవచ్చు. పట్టీలు కూడా చూడండి. వెనక్కి తిరిగి ఉన్నప్పుడు పట్టీ భుజానికి సరిగ్గా సమానంగానో కొంచెం కిందనుంచో రావాలి, ముందుకి తిప్పాక సమానంగానో కొంచెం పైనుంచో. చాలామంది దీన్ని తారుమారు చేస్తారు.

అసలు విషయం ఇక్కడుంది. డబ్బా మీద రాసే ఎత్తు నిలబడినప్పటిది, సీటులో పట్టాల్సింది మాత్రం కూర్చున్నప్పటి ఎత్తు. పొడుగు పిల్లల్లో రెండు రకాలు. ఒకరికి పొడుగంతా కాళ్ళలో ఉంటుంది, ఇంకొకరికి నడుము పైన ఉంటుంది. మా పాప రెండో రకం. మా స్నేహితుల అబ్బాయీ తనూ పక్కపక్కన నిలబడితే సమానం, కింద కూర్చుంటే మా పాప తల స్పష్టంగా పైకి కనబడుతుంది. అందుకే వాళ్ళకి చక్కగా నప్పిన సీటు మాకు నప్పలేదు. బాబుని గోడకి ఆనించి నేల మీద కూర్చోబెట్టి రెండు కొలతలు తీసుకోండి: నేల నుంచి భుజం దాకా, నేల నుంచి నడినెత్తి దాకా. షాపుకి వెళ్ళేటప్పుడు టేపు వెంట ఉండాలి. సీటులో కూర్చునే చోటు నుంచి షెల్ పై అంచు దాకా (హెడ్‌రెస్ట్ నుంచి లెక్కేసే రకమైతే పూర్తిగా లేపిన హెడ్‌రెస్ట్ అంచు దాకా) కొలిచి ఒక అంగుళం తీసేస్తే ఆ సీటులో పట్టే అసలు ఎత్తు తెలుస్తుంది.

సీట్ల విషయానికొస్తే, పొడుగు పిల్లల తల్లిదండ్రులు ఇక్కడ ఎక్కువగా చెప్పుకునే పేర్లు నాలుగైదే. గ్రాకో ఎక్స్‌టెండ్ టు ఫిట్ వెనక్కి తిరిగి 50 పౌండ్ల దాకా వస్తుంది, హెడ్‌రెస్ట్ బాగా పైకి లేస్తుంది, ధర మిగతావాటితో చూస్తే చవక. కాళ్ళ దగ్గర బయటికి జరిగే పలక దాని ప్రత్యేకత, 5 అంగుళాల దాకా అదనపు చోటిస్తుంది. అయితే ఒక చిక్కుంది. ఆ పలక బయటికి లాగితే సీటు మొత్తం ఆ మేరకు ముందు సీటు వైపుకి జరుగుతుంది. కరోలాలో అది మీకు కుదరదు. లాగకుండా వాడుకోవచ్చు, కాళ్ళు మడుచుకుంటే నష్టం లేదని పైన చెప్పుకున్నాం కదా. మేం కొన్నది ఇదే, పలక లోపలే ఉంచాం.

నూనా రావా కూడా 50 పౌండ్లదే. కారు బెల్టుతో బిగించడం దానంత తేలిక నేను ఇంకెక్కడా చూడలేదు, కానీ ధర వింటేనే గుండె గుభేలుమంటుంది. క్లెక్ వాళ్ళ సీట్లు 17 అంగుళాల వెడల్పే, వెనక ముగ్గురు పిల్లలుంటే వాటిని మించినవి తక్కువ. కాకపోతే వెనక్కి తిరిగి వాడటానికి ఎత్తు హద్దు 43 అంగుళాలని రాసి ఉంటుంది. నడుము పైన పొడుగున్న పిల్లలకి ఆ 43 రాకముందే తల దగ్గరి నియమం అడ్డుపడొచ్చు. డియోనో రేడియన్ కూడా సన్నటిదే, షెల్ పొడుగు, కానీ ఆ పొడుగు వల్లే చిన్న కార్లలో ముందు సీటుని మింగేస్తుంది. దానికి కోణం తగ్గించే ముక్క విడిగా అమ్ముతారు, అది లేకుండా కరోలాలో ఆలోచించకండి. ఖరీదైనది ఎక్కువ భద్రం అనుకోనక్కర్లేదు. ఇక్కడ అమ్మే ప్రతి సీటూ ఒకే ఫెడరల్ ప్రమాణానికి లోబడి ఉండాలి. ఎక్కువ డబ్బుకి వచ్చేది గుడ్డ నాణ్యత, బిగించడంలో సుఖం, సన్నదనం.

మీ వారి మోకాళ్ళ గురించి. పుట్టిన బిడ్డకి సీటు బాగా వాల్చాలి, తల ముందుకి వాలి ఊపిరి ఆడకుండా పోతుందని. మెడ బాగా నిలిచిన 20 నెలల పిల్లాడికి అంత వాలు అక్కర్లేదు. మాన్యువల్ ఒప్పుకున్నంతలో నిటారుగా పెట్టండి, ముందు సీటుకి కొన్ని అంగుళాలు తిరిగొస్తాయి. మా పాపకి ఇంకో లాభం కలిగింది. నిటారుగా కూర్చుంటే కిటికీలోంచి చెట్లు, లారీలు కనిపిస్తాయి, దారంతా గొడవ తగ్గింది. బాబు సీటు డ్రైవర్ వెనక వద్దు, పక్క సీటు వెనక పెట్టండి. నడిమధ్య కుదిరితే ఇంకా మంచిదే, షెల్ పైభాగం రెండు ముందు సీట్ల సందులోకి పోతుంది. చాలా సెడాన్లలో మధ్య సీటుకి లాచ్ కొక్కేలు (బెల్టుకి బదులు పిల్లల సీటుని తగిలించడానికి కారులోనే ఉండేవి) ఉండవు, అక్కడ కారు బెల్టుతోనే కట్టాలి. అదేం తక్కువ కాదు. బెల్టు మొత్తం చివరిదాకా బయటికి లాగి వదిలితే టిక్‌టిక్‌మంటూ లోపలికి పోతూ లాక్ అవుతుంది, ఇక బయటికి రాదు. లాచ్ వాడితే మాత్రం బిడ్డ బరువు, సీటు బరువు కలిపి 65 పౌండ్లు దాటకూడదు. బరువైన సీటు కొంటే ఆ హద్దు అనుకున్నదానికంటే ముందే వస్తుంది, సీటు పక్కన లేబుల్ మీద మీ మోడల్‌కి ఆ హద్దు ఎంతో రాసి ఉంటుంది చూడండి. లాచ్, బెల్టు రెండూ ఒకేసారి వాడకండి, చాలా కంపెనీలు ఒప్పుకోవు.

కొనేముందు షాపులో అడిగి డిస్‌ప్లే సీటుని పార్కింగ్‌లోకి తెచ్చుకుని మీ కారులో పెట్టి చూడండి. కొన్నిచోట్ల ఒప్పుకుంటారు. లేకపోతే తిరిగి తీసుకునే చోటే కొనండి. మీ వారిని ముందు కూర్చోబెట్టి, మామూలుగా నడిపేటప్పుడు ఎంత వెనక్కి జరుపుకుంటారో అంతే జరపమనండి. షాపులో మొహమాటానికి ముడుచుకుని కూర్చుని "పర్లేదు, సరిపోతోంది" అనే మగవాళ్ళే ఎక్కువ. నెల తిరిగేసరికి నడుం నొప్పి అంటారు.

బిగించాక ఒకసారి తెలిసినవాళ్ళకి చూపించండి. కాలిఫోర్నియా హైవే పేట్రోల్ ఆఫీసుల్లో అపాయింట్‌మెంట్ తీసుకుంటే సర్టిఫికెట్ ఉన్న టెక్నీషియన్ ఉచితంగా చూస్తారు. మేం వెళ్ళినప్పుడు ఆవిడ సీటు మీద చెయ్యే వెయ్యలేదు, నా చేతే విప్పించి మళ్ళీ కట్టించారు. నేను షెల్ పైభాగం పట్టుకుని ఊపి "కదులుతోందండీ" అంటే నవ్వి, బెల్టు పోయే చోట పట్టుకుని లాగమన్నారు. అక్కడ 1 అంగుళం కంటే తక్కువ కదిలితే చాలట, వెనక్కి తిరిగి ఉన్న సీటు పైభాగం కొంచెం ఊగడం మామూలేనట. ఛాతీ క్లిప్పు చంకల ఎత్తులో ఉండాలని, భుజం దగ్గర పట్టీని వేళ్ళతో గిల్లితే మడత రాకూడదని కూడా చూపించారు. తాహో లాంటి మంచు చోట్లకి వెళ్ళేటప్పుడు లావు జాకెట్ తొడిగి పట్టీలు పెట్టకండి. అది విసురుకి నలిగిపోతే పట్టీలు వదులైపోతాయి. మామూలు చొక్కా మీద పట్టీలు బిగించి, జాకెట్ పైన కప్పండి.

మన వాట్సాప్ గ్రూపుల్లో "ఆల్మోస్ట్ న్యూ" అని పెట్టే పాత సీట్ల మీదకి మనసు పోతుంది, తెలుసు. బాగా తెలిసినవాళ్ళదైతే, ప్రమాదానికి గురి కాలేదని నమ్మకంగా చెప్పగలిగితే, షెల్ వెనక అచ్చేసిన గడువు తేదీ దాటకపోతే తీసుకోవచ్చు. అపరిచితుల దగ్గర వద్దే వద్దు. డబ్బు సంగతైతే టార్గెట్ షాపు వాళ్ళు పాత సీటు తెచ్చిస్తే కూపన్ ఇచ్చే పథకం ఏడాదిలో ఒకటి రెండుసార్లు పెడుతుంటారు, మీ చేతిలో ఉన్న సీటు అలా ఉపయోగపడుతుంది.

చివర్లో "డిసెంబర్‌లో హైదరాబాద్ తీసుకెళ్ళొచ్చా" అని అడిగారు. తీసుకెళ్ళొచ్చు గానీ, ఇక్కడి కార్లలోలాగా మొత్తం లాగితే లాక్ అయ్యే బెల్టు అక్కడి చాలా కార్లలో ఉండదు. సీటులోనే బెల్టుని పట్టి ఉంచే లాక్‌ఆఫ్ ఉంటే సరే, లేకపోతే విడిగా లాకింగ్ క్లిప్పు కావాలి, దాన్ని వాడే పద్ధతి ఇక్కడే నేర్చుకుని వెళ్ళండి. క్యాబుల్లో వెనక బకిల్ సీటు కవరు కింద కూరుకుపోయి ఉంటుంది, బుక్ చేసినప్పుడే డ్రైవర్‌కి ఫోన్ చేసి "వెనక బెల్టు పనిచేస్తుందా అన్నా" అని అడగడం మాకు అలవాటైపోయింది. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణ తర్వాత 14 ఏళ్ళ లోపు పిల్లలకి బెల్టో పిల్లల సీటో లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా అక్కడా ఉంది. బంధువుల కారులో ఎవరైనా "ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాంలే" అన్నప్పుడు పనికొస్తుంది.

బాబు కూర్చున్న ఎత్తు, ఇప్పుడున్న సీటు మోడల్ కామెంట్లో రాయండి. హెడ్‌రెస్ట్ లేపితే ఇంకొన్నాళ్ళు వస్తుందో, నిజంగానే కొనాలో చూసి చెబుతాను.