బేస్‌మెంట్ టైల్స్ కోసం ఎమర్జెన్సీ ఫండ్‌ను కదపకండి

ప్రశ్న: మాది న్యూజెర్సీలోని ఎడిసన్. 1968లో కట్టిన ఇల్లు రెండేళ్ల క్రితం కొన్నాం. దసరాకి గుంటూరు నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు. ఈలోగా 700 చదరపు అడుగుల బేస్‌మెంట్‌లో టైల్స్ వేయించి, బొమ్మల కొలువు అక్కడే పెట్టాలని మా ఆవిడ కోరిక. కాంట్రాక్టర్ 14,000 డాలర్లు చెప్పాడు. నేల బాగుచేయడం అవసరమైతే అది ఎక్స్‌ట్రా అట. సేవింగ్స్‌లోని 11,000లో 6,000 తీసి, మిగతా 8,000 స్టోర్ కార్డు మీద 18 నెలలు వడ్డీ లేకుండా పెట్టాలనుకుంటున్నాం. నెలకు 440 కడితే తీరిపోతుంది. ఒక మూల నేల మీద తెల్లటి పొడి కనబడుతోంది, అది మామూలే అని కాంట్రాక్టర్ అన్నాడు. మెట్ల కింద పాత తొమ్మిదంగుళాల టైల్స్, నల్లటి జిగురు ఉన్నాయి. నేను హెచ్‌1బి మీద ఉన్నాను, నా ఒక్కడి జీతమే. నెల ఖర్చు 6,400, మిగిలేది 1,200. ఈ ప్లాన్ సరేనా?

జవాబు: సరికాదండీ. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తున్నాయి కాబట్టి కాస్త గట్టిగానే చెబుతాను.

ముందు కార్డు సంగతి. నెలకు 440 చొప్పున 18 నెలలు కడితే 7,920 అవుతుంది. ఇంకా 80 డాలర్లు మిగులుతాయి. స్టోర్ కార్డుల్లో చాలావాటికి ఉండే షరతు ఏమిటంటే, గడువులోగా మొత్తం తీరకపోతే మొదటి రోజు నుంచి లెక్కగట్టి పక్కన పెట్టిన వడ్డీ అంతా ఒక్కసారిగా వేస్తారు. 30 శాతం వడ్డీ అనుకుంటే అది 1,900 డాలర్ల దాకా వస్తుంది. ఎనభై డాలర్లకి పంతొమ్మిది వందలు! 'వడ్డీ లేదు' అన్న మాట విని సంతకం పెట్టేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

అసలు తప్పు అంతకన్నా పెద్దది. మీరు టైల్స్‌కి డబ్బు సర్దుకున్నారు, నేలకి సర్దుకోలేదు. ఆ 'ఎక్స్‌ట్రా' ఎంతో మీకూ తెలియదు, కాంట్రాక్టర్ కూడా చెప్పలేదు. తెల్ల పొడి మామూలే అన్నది సగం నిజం. కాంక్రీటులోంచి నీళ్లు పైకి ఊరుతూ వెంట తెచ్చిన ఉప్పు అది. దాని మీద థిన్‌సెట్ (టైల్స్ అంటించే సిమెంటు జిగురు) వేస్తే అది కాంక్రీటుని కాదు, పొడిని పట్టుకుంటుంది. కొన్నాళ్లకి టైల్ మీద అడుగేస్తే డొల్ల శబ్దం వస్తుంది.

మా బేస్‌మెంట్‌లో నేను చేసిన పని మీరూ చేయండి. పద్దెనిమిది అంగుళాల చదరపు ప్లాస్టిక్ షీటు ఆ మూల నేల మీద పరచి, నాలుగు వైపులా టేపు అంటించి, కనీసం 16 గంటలు వదిలేయండి. వాన పడిన మర్నాడు అయితే ఇంకా మంచిది. మాకు షీటు ఎత్తి చూస్తే లోపలి వైపు నీటి బొట్లు, కింద నేల తడి గుడ్డ పరిచినట్టు నల్లగా ఉంది. మీకూ అలాగే ఉంటే పని ఆపి, చెమ్మ ఎంతో కొలిచే టెస్టు చేయించాలి. చాలాసార్లు దీనికి విరుగుడు ఇంటి బయటే ఉంటుంది. గట్టర్ గొట్టం గోడకి దూరంగా పొడిగించడం, మట్టిని మొదటి పదడుగుల్లో ఆరంగుళాలు వాలుగా సర్దడం, వీటికి పెద్దగా ఖర్చవదు.

పన్నెండు బై ఇరవైనాలుగు అంగుళాల లాంటి పెద్ద టైల్స్ వేయిస్తుంటే పదడుగుల పొడవులో ఎనిమిదో వంతు అంగుళం కన్నా ఎగుడుదిగుడు ఉండకూడదు. అరవైల నాటి స్లాబ్ అంత సమంగా ఉంటుందని ఆశ పెట్టుకోకండి. నేలని సమం చేయడానికి పోసే సెల్ఫ్ లెవలర్ సిమెంటు బస్తా యాభై పౌండ్లది అరంగుళం మందాన సుమారు పన్నెండు చదరపు అడుగులకే వస్తుంది, లెక్క మీరే వేసుకోండి. ఆ నల్ల జిగురులో, పాత టైల్స్‌లో ఆస్బెస్టాస్ (దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులకి ప్రమాదమైన పదార్థం) ఉండే అవకాశం ఉంది. టెస్టు చేయించకుండా ఎవరినీ గ్రైండర్ పెట్టనివ్వకండి, మీరు కూడా గీకకండి.

ఇప్పుడు నేను అందరికీ చెప్పే మాట. 6,000 తీస్తే మీ దగ్గర మిగిలేది 5,000, అంటే నెల ఖర్చుకి కూడా చాలదు. హెచ్‌1బి మీద ఉద్యోగం పోతే ఇంకో ఉద్యోగం చూసుకోవడానికో, దేశం వదలడానికో మీకున్నది గరిష్ఠంగా 60 రోజులు. ఆ 60 రోజులూ మార్ట్‌గేజ్ ఆగదు, కార్డు కిస్తీ ఆగదు. పైగా ఆ సమయంలో పెద్దవాళ్లు ఇంట్లో ఉంటారు. వాళ్ల విజిటర్స్ ఇన్సూరెన్స్ మీ లెక్కలో ఎక్కడా కనిపించలేదు. ఒక్క జీతం మీద నడిచే ఇంటికి ఆరు నెలల ఖర్చు, అంటే 38,400 డాలర్లు, తీసేందుకు వీలుగా ఉండి తీరాలి. ఇందులో నేను బేరమాడను. అది చేరాకే బేస్‌మెంట్ మాట ఎత్తండి. మీ 1,200 పొదుపుతో అది ఇంకో రెండేళ్ల పని. టైల్స్ డబ్బు ఆ పైన వేరే ఖాతాలో పోగుచేయండి.

హెలాక్ (ఇంటి మీద తీసుకునే అప్పు) వద్దు, చెమ్మ పట్టే నేల కోసం ఇంటిని తాకట్టు పెట్టడం అవుతుంది. 401కె, అంటే రిటైర్మెంట్ పొదుపు మీద లోన్ కూడా వద్దు. ఉద్యోగం పోతే పన్ను, పెనాల్టీ ప్రమాదం తోడవుతుంది.

ఇన్సూరెన్స్ మీద కూడా ధీమా పెట్టుకోకండి. 2021 సెప్టెంబర్ 1 రాత్రి ఐడా వానలకి మన న్యూజెర్సీలో ఎన్ని బేస్‌మెంట్లు మునిగాయో చూశాం. మామూలు హోమ్ ఇన్సూరెన్స్ వరదకి వర్తించదు. ఫెడరల్ ఫ్లడ్ పాలసీ తీసుకున్నా బేస్‌మెంట్ ఫ్లోరింగ్‌కి డబ్బు రాదు. అంటే ఆ 14,000 మునిగితే మళ్లీ మీ జేబులోంచే. డ్రెయిన్ గానీ, బేస్‌మెంట్ నీటిని బయటికి తోడే సంప్ పంపు గానీ పొంగితే డబ్బు ఇచ్చే రైడర్ (పాలసీకి అదనంగా కలిపే కవరేజీ) ఉందో లేదో ఏజెంట్‌ని అడగండి, ఉన్నా దాని పరిమితి ఎంతో రాయించుకోండి.

కాంట్రాక్టర్‌కి డిపాజిట్ ఇచ్చారో లేదో రాయలేదు. ఇవ్వకపోతే ఇవ్వకండి. నేల పనికి విడిగా, చదరపు అడుగుకి ఎంతో రాసిన కొటేషన్ అడగండి. ఈ దసరాకి కొలువు పై హాల్లోనే పెట్టుకోండి, అమ్మకి మెట్లు దిగే ఇబ్బంది కూడా ఉండదు.