గోపాలపూర్ తీరం వెంట పారే నీరు గల్ఫ్ స్ట్రీమ్ లాగా వేడి మోస్తుందా?

మీరు అడిగింది: వేసవి మొదట్లో ఒడిశాలోని గోపాలపూర్ దగ్గర నీరు పడవను ఈశాన్యానికి లాగుతుంది, కార్తీకంలో నైరుతికి. ఇదీ గల్ఫ్ స్ట్రీమ్ (అట్లాంటిక్‌లో వెచ్చని నీటిని ఉత్తరానికి మోసే ప్రవాహం) లాంటిదేనా అని.

వేడి మోస్తుంది గానీ లెక్కలో పెద్దగా తేలదు. ప్రవాహం జోరు సగం సంగతే. వెళ్లే నీటికీ తిరిగొచ్చే నీటికీ ఎన్ని డిగ్రీల తేడా ఉందన్నది మిగతా సగం. ఘనమీటరు సముద్రపు నీరు ఒక డిగ్రీ చల్లబడితే సుమారు 41 లక్షల జౌళ్లు వదులుతుంది. దాంతో మూడు వేల ఘనమీటర్లకు పైగా గాలి ఒక డిగ్రీ వేడెక్కుతుంది. అట్లాంటిక్‌లో 26.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర 2004 నుంచి కొలుస్తున్నారు: సెకనుకు దాదాపు 1.7 కోట్ల ఘనమీటర్ల నీరు పైన వెచ్చగా ఉత్తరానికి పోయి, లోతున చల్లగా వెనక్కి వస్తోంది. తేడా 17 డిగ్రీలని వేసి గుణిస్తే 1.2 పెటావాట్లు (పెటావాట్ అంటే కోటి కోట్ల వాట్లకు పదింతలు). (యూరప్‌లో చలి తగ్గడానికి గొప్పంతా దీనికే కట్టబెట్టకండి, పడమటి గాలుల వాటా చాలా ఉంది.)

బంగాళాఖాతానికి ఉత్తరాన నేల అడ్డం. నీరు గడ్డకట్టేంత చల్లబడి అడుక్కి దిగే చోటే లేదు. పైగా వానల తర్వాత గంగ, బ్రహ్మపుత్ర, మహానది నీళ్లు తీరం వెంట దక్షిణానికి దిగుతూ ఉప్పునీటి మీద తేలికైన పొరగా పరుచుకుంటాయి. రుషికుల్య మొగ దగ్గర వరదనీరు ఎర్రగా పైపైనే సాగడం చూసే ఉంటారు, అదే పని పెద్ద ఎత్తున. ఆ పొర కింది ఉప్పునీరు కూడా వెచ్చనిదే కాబట్టి తుపాను గాలి ఎంత చిలికినా చల్లనీరు సులువుగా పైకి రాదు. అక్టోబరు, నవంబరు తుపాన్లు బలం పుంజుకోడానికి ఇదో కారణం.

చాలామంది ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) మ్యాపులో ఉపరితలం 29 డిగ్రీలని చూసి ఆగిపోతారు. తుపానుకు అందే వేడి తెలియాలంటే 26 డిగ్రీల నీరు ఎంత లోతున ఉందో చూడాలి. 60 మీటర్ల లోతున ఉంటే, పైనున్న నీరు 26 కంటే సగటున 2 డిగ్రీలు ఎక్కువైతే, 2 × 60 × 41 లక్షలు: చదరపు సెంటీమీటరుకు దాదాపు 49 కిలోజౌళ్లు. అదే 100 మీటర్లయితే 82. పైన చూస్తే రెండూ 29 డిగ్రీలే.

డిసెంబరు, జనవరిల్లో ఉపగ్రహం మ్యాపు ఇంకా తప్పుదారి పట్టిస్తుంది. పైపొర చల్లబడి, దాని కింద అంతకంటే వెచ్చని నీరుంటుంది. అప్పుడు ఆర్గో ఫ్లోట్ల (సముద్రంలో వాటంతటవే మునిగి తేలే కొలత పరికరాలు) రీడింగు తెరవండి. అవి పది రోజులకోసారి 2000 మీటర్ల లోతు నుంచి కొలుచుకుంటూ పైకొస్తాయి.